పొదిగే పెట్ట మీద పడ్డ నింద

పెరటి కోళ్ల మీద ఎక్కడ శిక్షణ పెట్టినా, ఏ కరపత్రం తిరగేసినా ఒక మాట తప్పకుండా వినబడుతోంది: నాటు పెట్టకున్న పెద్ద అవలక్షణం పొదుగు. చక్కగా గుడ్లు పెడుతున్నదల్లా మానేసి గంపలో కూర్చుంటుంది. ఇరవై ఒక్క రోజులు దండగ. ఆ తర్వాత పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతూ ఇంకో రెండు నెలలు దండగ. కాబట్టి పొదుక్కొచ్చిన పెట్టను వెంటనే మానిపించండి. పిల్లలు కావాలంటే చిన్న ఇంక్యుబేటర్ కొనుక్కోండి, లేదా హేచరీ నుంచి తెచ్చుకోండి. ఈ సలహా వినివిని పెరట్లో పది కోళ్లున్న ఇల్లాలు కూడా పెట్ట కూర్చోగానే "మళ్లీ కూర్చుంది దరిద్రపుది" అని విసుక్కుంటోంది. ఈ నింద అన్యాయమైనది. అన్యాయం సంగతి అలా ఉంచినా, లెక్క ప్రకారమే తప్పు.

ముందు ఈ వాదం ఎక్కడ పుట్టిందో చూడాలి. ఇది పెరట్లో పుట్టలేదు, ఫారంలో పుట్టింది. అనపర్తి, తణుకు వైపు లేయర్ షెడ్లు చూసినవాళ్లకి తెలుసు, అక్కడ కోడికి ఒకటే ఉద్యోగం. పంజరంలో నిలబడి ఏడాదికి 300 పైచిలుకు గుడ్లు పెట్టాలి. పిల్లల్ని తీసే పని హేచరీది, వెచ్చగా పెంచే పని బ్రూడర్‌ది. బండా వాసుదేవరావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టినప్పుడైనా, 1982లో రైతుల్ని కూడగట్టి జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (ఎన్‌ఈసీసీ) కట్టినప్పుడైనా ఆయన ముందున్నది కోట్ల గుడ్ల వ్యవహారం. ఆ వ్యవహారంలో పొదిగే కోడికి చోటు లేదు, ఉండకూడదు కూడా. వైట్ లెగ్‌హార్న్‌లో పొదిగే గుణమున్న వాటిని తరాల తరబడి ఏరేసి, ఆ బుద్ధే దాదాపు లేని కోడిని తయారుచేసింది అందుకే. దాంతో నాకు పేచీ లేదు. ఆ ఖాతా పుస్తకాన్నే తెచ్చి, గాదె కింద గింజలూ పెంటకుప్పలో పురుగులూ ఏరుకు తినే పది పెట్టల ముందు తెరిచి "నువ్వు నష్టం" అని తీర్పు చెప్పడంతోనే పేచీ. లారీ లెక్కలతో ఎద్దుబండిని తప్పుబట్టడం లాంటిదిది.

సరే, వాళ్ల లెక్కే వేద్దాం. నాటు పెట్ట ఒక విడతలో పన్నెండు నుంచి పదిహేను గుడ్లు పెడుతుంది. ఏడాదికి మూడు నాలుగు విడతలు, మొత్తం యాభై అరవై గుడ్లు. విడత అయ్యాక కూర్చుంటుంది. "గుడ్లు మానేసి కూర్చుంది" అంటారు గానీ జరిగేది అది కాదు. గూట్లో గుడ్లు కంటికి కనబడుతూ, పొట్టకు తగులుతూ ఉంటే దాని మెదడు కింది గ్రంథిలో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది. దాంతో అండాశయం ముడుచుకుపోతుంది. అది కూర్చునే వేళకే గుడ్ల పని ఆగిపోయి ఉంటుంది. మీరు ఇవాళ గంపలోంచి లాగేసినంత మాత్రాన రేపు గుడ్డు పెట్టదు. అండాశయం మళ్లీ తెరుచుకోవడానికి రెండు వారాలో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది. పొదుగు మానిపిస్తే వచ్చే లాభాన్ని చెప్పేవాళ్లు ఈ రెండు వారాల్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోరు.

మూడు వారాలు పొదిగి, నాలుగు వారాలు (అంతకు మించి ఎందుకు అక్కర్లేదో తర్వాత చెబుతాను) పిల్లల్ని తిప్పిన పెట్ట వల్ల మనం పోగొట్టుకునేది, దాని గుడ్ల జోరు ప్రకారం చూస్తే, ఓ ఇరవై గుడ్లు. నాటు గుడ్డు పదిహేను రూపాయలనుకుంటే మూడొందలు. కింద పెట్టిన పన్నెండు గుడ్ల ఖరీదు ఇంకో నూటఎనభై. అటు తొమ్మిది పిల్లలు లేచి, ఆరు పెద్దవయ్యాయనుకుందాం. ఇది ఆశపోతు అంచనా కాదు, జాగ్రత్తగా ఉన్న ఇంట్లో జరిగేదే. ఒక్కోటి నాలుగొందలకు పోతే రెండువేల నాలుగొందలు. అందులో సగం నూకలకీ తవుడుకీ మందులకీ పోయిందని తీసేయండి. అన్నీ పోనూ ఇంకా ఏడొందలు మిగులుతున్నాయి. మీ ఊళ్లో ధరలు వేరైతే అంకెలు మార్చుకోండి. గుడ్డుకీ ఎదిగిన కోడికీ మధ్య ఉన్న ధర తేడా ఎక్కడైనా అంతే, కాబట్టి తీర్పు తలకిందులు కాదు. పైగా ఇది ఒక పెట్ట సంగతి. పది పెట్టలుంటే పదింటినీ కూర్చోబెట్టమని ఎవరూ అనడం లేదు. రెంటినో మూటినో కూర్చోబెట్టి మిగతావాటిని గుడ్లకు వదిలితే, పెరట్లో గుడ్లు ఆగిపోతాయన్న భయానికి చోటే లేదు.

ఇప్పుడు మిషన్ సంగతి. ఇంక్యుబేటర్ లోపల వేడి 37.5 డిగ్రీల దగ్గర నిలవాలి. మొదటి పద్దెనిమిది రోజులూ గాలిలో తేమ యాభై, యాభై అయిదు శాతం ఉండాలి. చివరి మూడు రోజులు అరవై అయిదుకి పైన ఉండాలి. గుడ్లను రోజుకి చాలాసార్లు తిప్పాలి, పద్దెనిమిదో రోజున తిప్పడం ఆపాలి. వందల గుడ్లు పెట్టే చోట, జనరేటరూ మనిషీ ఉన్న చోట ఇది హాయిగా సాగుతుంది. ముప్ఫై గుడ్ల థర్మోకోల్ పెట్టెలో, చవక థర్మోస్టాట్‌తో, మన కరెంటుతో సాగదు. కాసేపు చల్లబడితే పిండం తట్టుకుంటుంది, మితిమీరి వేడెక్కితే చచ్చిపోతుంది. చవక పెట్టెలు చేసే తప్పు సరిగ్గా ఆ రెండోదే. ఇన్ని డిగ్రీలూ ఇన్ని శాతాలూ పెట్టకి ఎవరూ నేర్పనక్కర్లేదు. దాన్ని లేపి పొట్ట చూడండి: రొమ్ము మీద ఈకలు రాలిపోయి, చర్మం ఎర్రగా, ముట్టుకుంటే జ్వరం వచ్చిన ఒంటిలా కాలుతూ ఉంటుంది. ఆ బోడి చర్మాన్నే గుడ్లకి ఆనిస్తుంది. అంచున చల్లబడిన గుడ్డును ముక్కుతో మధ్యకు లాక్కుంటుంది, మధ్యలోది అంచుకి జరుగుతుంది. తిప్పడం దానికి ప్రత్యేకంగా ఒక పని కాదు, కుదురుగా కూర్చోలేని తత్వంలోనే ఉంది.

అసలు మిషన్‌వాళ్లు ఇరవై ఒకటో రోజుతో కథ ముగించేస్తారు. పెరట్లో కథ మొదలయ్యేది ఆ రోజునే. పెంకు పగలడానికి ఓ రోజు ముందు నుంచే లోపలి పిల్ల కీచుమంటుంది, పైనున్న పెట్ట గొంతు మార్చి బదులు చెబుతుంది. పెంకులోంచి బయటికొచ్చాక పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన రెండు మూడు రోజుల తిండి. అందుకే ఆలస్యంగా లేచే గుడ్ల కోసం తల్లి ఇంకో రోజు కదలకుండా కూర్చోగలుగుతుంది. ఆ తర్వాత బయటికొచ్చి కాలితో మట్టి చీరి, ఏరి, పురుగును ముక్కున పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుని "కొక్ కొక్ కొక్" అంటుంది. పిల్లలు ఎగబడి వస్తాయి. ఏది తిండో ఏది కాదో ఆ మొదటి వారంలో నేర్చుకుంటాయి. గద్ద నీడ పడితే ఒక అరుపు, పిల్లి గానీ కుక్క గానీ వస్తే ఇంకో అరుపు. ఆకాశం నుంచి వచ్చే ప్రమాదానికీ నేల మీద వచ్చే ప్రమాదానికీ కోళ్లు వేరువేరు కూతలు కూస్తాయని పక్షుల కూతల మీద పరిశోధన చేసినవాళ్లు ఎప్పుడో తేల్చారు. మన పల్లెల్లో ఆ సంగతి అంతకు ముందే తెలుసు. బల్బు కింద పెరిగిన పిల్లకి ఇందులో ఏదీ రాదు. దాన్ని తెచ్చి పెరట్లో వదిలితే మొదటి గద్దకే ఆహారం.

బల్బు గురించీ ఒక మాట. మొదటి వారం పిల్లలకి 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ రావాలి. వంద వాట్ల బల్బు మూడు వారాలు రాత్రీ పగలూ వెలిగితే యాభై యూనిట్లు. డబ్బు అంత పెద్దదేం కాదు, ఒప్పుకుంటాను. కరెంటు పోయిన రాత్రి మాటేమిటి? చలికి పిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. తెల్లారేసరికి అడుగునున్నవి ఊపిరాడక పోయి ఉంటాయి. పెట్ట రెక్కల కింద ఈ గొడవే లేదు.

"ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, నాటు పెట్ట కింద పెడితే సగం గుడ్లు మురిగిపోతున్నాయి కదా" అంటారు. పోతున్నాయి. ఎందుకు పోతున్నాయో ఒక్కసారైనా ఆరా తీశారా? వేసవిలో రెంటచింతలలోనో రామగుండంలోనో నలభై రెండు డిగ్రీల ఎండలో గుడ్లను వంటింటి గూట్లో పదిహేను రోజులు దాచి, పదహారో రోజున పెట్ట కింద పెడతాం. గుడ్డు ఇరవై, ఇరవై నాలుగు డిగ్రీలు దాటి వేడెక్కితే లోపలి పిండం మెల్లగా ఎదగడం మొదలెడుతుంది. సరైన వేడి అందక కొన్నాళ్లకి చచ్చిపోతుంది. అంటే చాలా గుడ్లు పెట్ట కిందికి చేరకముందే చచ్చి ఉంటాయి. అది పొదిగిందీ లేదూ అన్న ప్రశ్నే రాదు. మరికొన్నింటికి అసలు పుంజు తగలలేదు. ఎదిగిన పుంజులన్నింటినీ పండక్కి అమ్మేసి, ఎదుటి వీధి పుంజు మీద ఆధారపడితే గుడ్లకు విత్తనం ఎక్కడి నుంచి వస్తుంది? ఇన్ని తప్పులు మనవి, నింద పెట్టది. ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని గంపలో ఇనుప ముక్క పెట్టే ఆచారం కూడా ఈ కోవదే: ఉరిమే రోజుల్లోనే ఉక్కపోతా తేమా ఎక్కువ, పాత గుడ్లు కుళ్లేదీ అప్పుడే. ఇనుప ముక్క వల్ల నష్టం లేదు గానీ, గుడ్డు వయసు చూసుకుంటే ఇంకా మంచిది.

వారం దాటని గుడ్లే పెట్టండి. ఎండాకాలంలో మూడు నాలుగు రోజులు దాటనివ్వకండి. తడి ఇసుకలో కూర్చోబెట్టిన కుండలో, మొన కిందికి ఉండేలా దాచండి. ఫ్రిజ్ వద్దు, అక్కడి చలి పిండానికి మరీ ఎక్కువ. పెట్ట సైజును బట్టి పది పన్నెండు గుడ్లు చాలు; పదిహేడు పెడితే అంచువన్నీ వంతులవారీగా చల్లబడి మొత్తం పాడవుతాయి. పెట్టిన ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో ఒక గీత గీయండి, ఎందుకంటే పక్క పెట్టలు అదే గంపలోకి దూరి గుడ్లు పెట్టి పోతాయి. గీత లేనివి రోజూ తీసేయొచ్చు. ఏడో రోజు రాత్రి చీకట్లో గుడ్డును పిడికిలిలో పట్టుకుని వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వెలిగించండి. సాలెగూడులా ఎర్రని నరాలూ వాటి మధ్య ఒక చుక్కా కనబడితే బతికున్నట్టు. లోపలంతా పసుపు వెలుతురే ఉంటే విత్తనం లేని గుడ్డు, తీసేయండి. మా ప్రాంతంలో పెద్దవాళ్లు పంతొమ్మిదో రోజున గోరువెచ్చటి నీళ్లలో ఒక్క నిమిషం తేల్చి, కదిలినదాన్ని మళ్లీ గంపలో పెట్టేవాళ్లు. పెంకు పగిలిన గుడ్డుకి మాత్రం ఈ పరీక్ష పెట్టకూడదు.

గంప అడుగున ఊకో ఎండుగడ్డో పరిచి, కాస్త బూడిదా వేపాకూ చల్లాలి. పొదిగే పెట్ట కదలదు కాబట్టి పేలకి అంతకు మించిన విందు ఉండదు. చాలా పెట్టలు పొదుగు మధ్యలో లేచిపోయేది ఈ పేల బాధ పడలేకే. దానికీ "పొగరుబోతు పెట్ట" అని పేరు పెడతాం. రోజుకొకసారి, పొద్దున్నే అయితే మంచిది, దానంతట అది దిగకపోతే మనమే దింపాలి. ఇరవై నిమిషాల్లో గింజలు తిని, నీళ్లు తాగి, గుప్పెడంత పెద్ద రెట్ట వేసి, దుమ్ములో పొర్లి తిరిగి వస్తుంది. చిక్కిపోతుందన్న ఆరోపణ ఉంది కదా, దానికి మందు ఇదే. బంగ్లాదేశ్‌లో పల్లెవాళ్లు "హజల్" అని మట్టి గిన్నె ఒకటి వాడతారు. మధ్యలో గుడ్లకు గుంట, అంచున తిండికీ నీళ్లకీ రెండు చిన్న గిన్నెలు. పెట్ట కూర్చున్న చోటే ముక్కు చాచి తింటుంది, పెద్దగా చిక్కదు. మన కుమ్మరి చేతిలో అది అరగంట పని. మన శిక్షణల్లో దాని ఊసు ఎక్కడా వినబడదు, ఇంక్యుబేటర్ మాత్రం ప్రతి శిక్షణలోనూ ఉంటుంది.

ఇంకో అభ్యంతరం: "లేచిన పిల్లల్లో సగం గద్దకీ ముంగిసకీ పోతాయి, మిగతా సగం కొక్కెర తెగులుకి పోతాయి." ఇందులో నిజం ఉంది కాబట్టే దీనికి జవాబు చెప్పాలి. మూడు వారాల దాకా తల్లినీ పిల్లల్నీ పెద్ద గంప కింద మూసి, పొద్దునా సాయంత్రం ఎవరైనా చూస్తుండగా కాసేపు వదిలితే గద్ద పట్టుకుపోయేది దాదాపు ఆగిపోతుంది. కొక్కెర తెగులుకి అయిదో రోజుకీ ఏడో రోజుకీ మధ్య కంట్లో లసోటా టీకా చుక్క వెయ్యాలి. ఎందుకు వెయ్యడం లేదు? మందు సీసా వందకి పైగా పిల్లలకి సరిపోతుంది. కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి, అంతసేపూ ఐసులో ఉండాలి. తొమ్మిది పిల్లల కోసం ఆ సీసా ఎవరు తెస్తారు? ఇక్కడే పొదుగును పద్ధతిగా నడపడం వల్ల ఉన్న అసలు లాభం ఉంది. వీధిలో పది ఇళ్లు మాట్లాడుకుని ఒకే వారంలో పెట్టల్ని కూర్చోబెడితే, అందరి పిల్లలూ ఒకేసారి లేస్తాయి. ఒక సీసా, ఒక ఉదయం, అందరి పిల్లలకీ చుక్కలు. తల్లికి ముందే టీకా వేసి ఉంటే పచ్చసొన ద్వారా పిల్లకి కొద్దిరోజుల రక్షణ అందుతుంది, అది కూడా కలిసొస్తుంది.

ఒకేసారి కూర్చోబెట్టడంలో ఇంకో సుఖం ఉంది. ఒకే ఇంట్లో రెండు పెట్టలు ఒకే రోజు పిల్లల్ని లేపితే, రాత్రి చీకట్లో ఒకదాని పిల్లల్ని రెండో దాని రెక్కల కిందికి తోసేయొచ్చు. తెల్లారేసరికి అన్నీ దాని పిల్లలే. మొదటిది ఖాళీ అయ్యి రెండు మూడు వారాల్లో గుడ్లకొస్తుంది. పిల్లల్ని తిప్పే పెట్టనైనా రెండు నెలలు వాటి వెంట ఉంచనక్కర్లేదు. పిల్లలకి ఈకలొచ్చి, ఎండ కాసే రోజులైతే, నాలుగో వారానికి విడదీయొచ్చు. ఇలా చేస్తే ఏడాదికి ఇంకో విడత గుడ్లు కలుస్తాయి. రెండు నెలలు దండగ అని గోల పెట్టేవాళ్లకి ఈ ఉపాయం చెప్పాలని ఎందుకు తోచలేదో!

ఇక మానిపించాల్సిన పెట్టలు ఉంటాయి, కాదనను. మండు వేసవిలో కూర్చున్నది, ఇంతకు ముందు గుడ్లు చిదిపేసినది, బక్కచిక్కి ఉన్నది, అవసరానికి మించి కూర్చున్నది. వీటిని మానిపించే తీరు మీద నాకు కోపం. ముక్కు రంధ్రాల్లో ఈక గుచ్చడం, కాళ్లు కట్టి ఎండలో పడేయడం, నీళ్లలో ముంచి ముంచి తీయడం, ఇవేవీ అవసరం లేదు. అడుగున జాలీ ఉండి కింది నుంచి గాలి తగిలే పంజరంలో, వెలుతురులో, తిండీ నీళ్లూ పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచండి. పొట్ట చల్లబడుతుంది, ప్రొలాక్టిన్ దిగుతుంది, లేచి తిరుగుతుంది. ఈక గుచ్చిన పెట్ట కూడా చివరికి లేచేది ఆ మూడు నాలుగు రోజులకే; ఈక వల్ల అదనంగా దక్కేది చీము ఒక్కటే.

అన్నిటికన్నా తెలివిగా వినిపించే వాదం చివరిది. "నాటు పెట్టే వద్దు. రాజేంద్రనగర్‌లో తయారైన వనరాజ, గ్రామప్రియ ఉన్నాయి. వనరాజ వంద దాకా పెడుతుంది, గ్రామప్రియ అంతకన్నా ఎక్కువ. పొదుగు గోలే లేదు." అవి మంచి కోళ్లే. రంగు పెరటి కోడికి తగ్గట్టుంది, ఏరుకు తింటాయి, గుడ్లు నిజంగానే ఎక్కువ. కానీ అవి సంకర కోళ్లు, వాటి గుడ్లు పొదిగిస్తే వచ్చే పిల్లలు తల్లి లాంటివి కావు. పైగా తల్లి పొదగదు. అంటే ప్రతి రెండేళ్లకీ మళ్లీ హేచరీ గుమ్మం ఎక్కాలి, వాళ్ల దగ్గర పిల్లలున్నప్పుడు, వాళ్లు చెప్పిన ధరకి. ఆ ఒకరోజు పిల్లల్ని ఇంట్లో బతికించలేకపోతున్నారని, మదర్ యూనిట్లలో నాలుగు వారాలు పెంచి పంచే పద్ధతి సర్కారే పెట్టింది. ఒకరోజు పిల్లని పెంచడానికి తల్లి కావాలని ఒప్పుకుని, ఆ తల్లి పేరు మదర్ యూనిట్ అని పెట్టి, అసలు తల్లిని అవలక్షణం అంటున్నారు!

పొదిగే నాటు పెట్టా, ఈ హేచరీ పిల్లలూ ఒకదానికొకటి శత్రువులు కానే కావు. పొదుగు మీదున్న నాటు పెట్టో, అసిల్ పెట్టో ఉంటే, దాని కింద మూడు వారాలు గుడ్లు ఉంచి, ఇరవై ఒకటో రాత్రి హేచరీ నుంచి తెచ్చిన వనరాజ ఒకరోజు పిల్లల్ని ఒక్కొక్కటిగా రెక్కల కిందికి పంపితే తెల్లారి తనవే అనుకుని తిప్పుతుంది. బల్బు లేదు, కరెంటు బెంగ లేదు, గద్ద కూత నేర్పే గురువు ఉంది. పట్టపగలు పెడితే మాత్రం ముక్కుతో పొడిచి చంపొచ్చు, రాత్రే చేయాలి. వచ్చే విడత పంపిణీలో ఒక్కో లబ్ధిదారుకి నాలుగు వారాల పిల్లల గుంపుతో పాటు పొదిగే నాటు పెట్టలు రెండు ఇచ్చి చూడమని పశుసంవర్ధక శాఖను అడుగుతున్నాను. ఆ పెట్టల ఖరీదు ఒక థర్మోకోల్ ఇంక్యుబేటర్ ఖరీదు కన్నా తక్కువే.